సున్నచే భాగింపవచ్చునా?

కలన గణితమును నేర్వ మొదలిడిన తొలి దినములలోనే ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఒక భిన్నమును వ్రాయును. ఒక రాశిని తీసికొందము. దానికి 'య' అని పేరిడుదము. య యొక్క వర్గమునుండి 1 తీసివేయగా మిగిలినది లవము. య నుండి 1 తీసివేయగా మిగిలినది హారము. య విలువ 1ని సమీపించుచుండగా ఈ భిన్నము దేనిని సమీపించును? ఇదియే ప్రశ్న. తిన్నగా 1ని ప్రతిక్షేపించినచో పైన సున్న, క్రింద సున్న. అందుచేత ఉపాధ్యాయుడు లవమును రెండు కారణాంకములుగా విడదీయును. య నుండి 1 తీసివేసినది ఒకటి, యకు 1 కూడినది వేరొకటి. మొదటిది పైనను క్రిందను ఉన్నది గనుక దానిని కొట్టివేయును. మిగిలిన దానియందు 1ని ప్రతిక్షేపించును. 2 వచ్చును. లెక్క ముగిసినది.

అంతట వెనుక బల్లనుండి ఒక బాలుడు లేచి, "అయ్యా, తాము కొట్టివేసినది సున్నయా, కాదా? సున్న యైనచో దానిచే భాగింపరాదని క్రిందటి యేడు తామే సెలవిచ్చితిరి. సున్న కానిచో, కడపట యకు 1 విలువ నెట్లు ఇచ్చితిరి?" అని అడుగుననుకొందము. ఇట్టి ప్రశ్నకు తరగతిలో సాధారణముగా లభించు సమాధానము "కూర్చుండుము" అను నొక్క మాటయే అని మేమెరుగుదుము. కాని ఆ బాలుడు అడిగినది చిన్న ప్రశ్న కాదు. దానికి తృప్తికరమైన సమాధానము దొరకుటకు లోకమునకు ఇంచుమించు పన్నెండు వందల యేండ్లు పట్టినది. ఆ కథను ఈ ప్రసంగమున కొంత చెప్పదలచితిమి.

ముందుగా చిక్కు ఎచ్చట నున్నదో చూతము. ఆరును మూడుచే భాగించుట యనగా, మూడుచే గుణించిన ఆరగు సంఖ్య యేదియని యడుగుట. ఆరును సున్నచే భాగింపుమన్నచో, సున్నచే గుణించిన ఆరగు సంఖ్యను వెదకవలెను. అట్టి సంఖ్య లేదు. సున్ననే సున్నచే భాగింపుమన్నచో తద్విరుద్ధమైన ఆపద. సున్నచే గుణించిన సున్న యగు సంఖ్య యేది? ప్రతి సంఖ్యయు అట్టిదే. ఒకచోట సమాధానము శూన్యము, వేరొకచోట సమాధానములకు అంతు లేదు.

ఈ చిక్కును మొట్టమొదట ఎదుర్కొన్నవారు భారతీయులే. సున్నను సంఖ్యగా మన్నించి, దానికి కూడిక తీసివేతల నియమములను కట్టినవారు వారు గనుక, భాగహారమును గూర్చియు చెప్పక తప్పలేదు. భిల్లమాలకు చెందిన బ్రహ్మగుప్తుడు 628లో రచించిన 'బ్రాహ్మస్ఫుటసిద్ధాంతము'న, సున్నను సున్నచే భాగించిన సున్నయే యగునని చెప్పెను. అటుపై 850 ప్రాంతమున, రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహము'న, సున్నచే భాగింపబడిన రాశి మార్పు చెందక అట్లే యుండునని వ్రాసెను. పంచుకొనువా రెవ్వరును లేనపుడు సొత్తు ఉన్నచోటనే యుండును గదా యని ఆయన తలచెను కాబోలు. ఈ మహావీరుని గ్రంథము మనకు పరాయిది కాదు. పావులూరి మల్లన తన 'సారసంగ్రహ గణితము'నకు దీనినే మూలముగా గైకొనెను. తెలుగున గణితమును పద్యములలో కూర్చిన తొలి గ్రంథముగా దానిని పెద్దలు లెక్కింతురు. బ్రహ్మగుప్త మహావీరులిరువురును చెప్పినవి తప్పులే. కాని ఆ తప్పులను చూచి నవ్వువాడు, తాను ఎన్నడును ఆ చోట నిలిచి ఆలోచింపనివాడు.

భాస్కరాచార్యుని కడకు వచ్చుసరికి విషయము రసవత్తరమగును. 1114లో జన్మించిన ఈ మహనీయుడు 1150లో 'సిద్ధాంత శిరోమణి'ని ముగించెను. సున్నచే భాగింపబడిన రాశికి ఆయన 'ఖహరము' అని పేరిడి, అది అనంతమనెను. అంతకంటె ముఖ్యమైనది 'లీలావతి'లోని వేరొక నియమము. ఒక రాశిని సున్నచే గుణించినపుడు, ఇంకను చేయవలసిన లెక్క మిగిలియున్నచో, వెంటనే దానిని సున్న యని తుడిచివేయరాదు. 'ఖగుణము' అని, అనగా సున్నచే గుణింపబడినదని, గుర్తుంచుకొని అట్లే నిలుపవలెను. తరువాత సున్నచే భాగింపవలసి వచ్చినచో ఆ రెండు సున్నలును పరస్పరము తొలగి, రాశి మునుపటి వలెనే యుండును.

ఆయన యిచ్చిన లెక్కను మన మాటలలో చెప్పుదము. ఒక రాశిని సున్నచే గుణించితిమి. వచ్చినదానికి దాని సగమును కలిపితిమి. మూడుచే గుణించితిమి. సున్నచే భాగించితిమి. 63 వచ్చినది. ఆ రాశి యేది? భాస్కరుని రీతిని సున్నలను తొలగించినచో, రాశికి దాని సగమును కలిపి మూడింతలు చేసినది 63 కావలెను. అనగా రాశికి నాలుగున్నర రెట్లు 63. కావున రాశి 14. సరిచూచుకొందము: 14కు 7 కలిపిన 21, మూడింతలు 63.

ఈ లెక్కలోని 'సున్న' స్థానమున మిక్కిలి చిన్నదైన ఒక రాశిని, వెయ్యవ వంతునో లక్షవ వంతునో, పెట్టి చూడుడు. ఎంత చిన్నదానిని పెట్టినను సమాధానము 14 యే. నేటి విద్యార్థి నల్లబల్లపై చేయునదియు ఇదియే: హరించుకొనిపోవు కారణాంకమును పైనను క్రిందను కొట్టివేయుట. ఇట్టి గణితము గ్రహగణితమున మిక్కిలి ఉపయోగపడునని భాస్కరుడే తన వివరణలో చెప్పెను. గ్రహము ఒక్క క్షణమున నడచు నడకను, 'తాత్కాలిక గతి'ని, లెక్కింపబూనినవాడు ఆయన. అత్యల్పమైన దూరమును అత్యల్పమైన కాలముచే భాగింపవలసిన యవసరము ఆయనకు నిజముగా కలిగినదే.

ఇట్లని భాస్కరుడే అవధి సిద్ధాంతమును కనుగొనెనని చెప్పవచ్చునా? మేము చెప్పజాలము. మనవారు సమస్తమును ముందే యెరుగుదురనుట కొందరికి వేడుక, ఏమియు ఎరుగరనుట మరికొందరికి వేడుక. ఈ రెండును చదువకుండ చెప్పు మాటలే. భాస్కరుని సున్నలన్నియు ఒక్క తీరువి. లవమున నున్న సున్నయు హారమున నున్న సున్నయు సమాన వేగముతో చిన్నవగుచున్నవా, ఒకటి మరియొకదానికంటె త్వరితముగా తరుగుచున్నదా యను విచారము ఆ నియమమున లేదు. అవధి గణితమునకు ప్రాణము ఆ విచారమే. మన మొదటి భిన్నమున య వర్గమునకు బదులు య ఘనమును పెట్టినచో సమాధానము 2 కాదు, 3. నూరవ ఘాతమును పెట్టినచో 100. ప్రతిసారియు పైన సున్న, క్రింద సున్న; కాని ఫలము వేరు. సున్నను సున్నచే భాగించిన ఎంత యని అడుగుట, దారిలో పోవు ఇద్దరు ఎంత వేగముగా నడచుచుండిరో చూడక, వారు చేరిన ఊరిని మాత్రము చూచి, ఎవరు ముందు వచ్చిరో చెప్పుమనుటవంటిది.

సున్నవైపునకు తరుగు రాశులను విడిచి, అంతులేకుండ పెరుగు రాశులవైపు దృష్టి మరల్చిన పండితులు కేరళదేశమున వెలసిరి. పదునాలుగవ శతాబ్దిలో సంగమగ్రామ మాధవునితో మొదలైన ఆ గురుపరంపరలో, జ్యేష్ఠదేవుడు 1530 ప్రాంతమున 'యుక్తిభాష' యను గ్రంథమును మలయాళ వచనమున రచించెను. శాస్త్రమును దేశభాషలో, అందును ఉపపత్తులతో వ్రాసిన యీ పని మమ్ముల నెపుడును ఆకర్షించుచుండును. వృత్తపరిధిని గణించుటకు ఆయనకు ఒక ఫలితము కావలసివచ్చెను. 1 మొదలు వరుసగా కొన్ని సంఖ్యలను కూడి, కడపటి సంఖ్య యొక్క వర్గముచే భాగించినచో ఏమగును? పది వరకు కూడిన 55. నూటిచే భాగించిన 0.55. నూరు వరకు కూడిన 5050. పదివేలచే భాగించిన 0.505. వేయి వరకు కూడినచో 0.5005. ఖండముల సంఖ్య పెరిగినకొలది ఆ చివరి మిగులు తరిగి తరిగి లెక్కింపదగనిదగును, మిగులునది సగము. వర్గములను కూడి ఘనముచే భాగించిన మూడవ వంతు, ఘనములను కూడి నాలుగవ ఘాతముచే భాగించిన నాలుగవ వంతు. ఇవి యన్నియు భిన్నముల అవధులే. ఐరోపా పండితులు ఇట్టి ఫలితములను సాధించినది పదునేడవ శతాబ్దిలో.

ఐరోపాలో మన బాలుని ప్రశ్న ఫెర్మా చేతిలో తిరిగి తల యెత్తినది. టూలూజ్ నగరమున న్యాయస్థానపు సభ్యుడుగా నుండి, తీరిక వేళల గణితము చేసికొనిన ఫెర్మా, 1637 ప్రాంతమున తన గరిష్ఠ కనిష్ఠముల పద్ధతిని మిత్రులకు పంపెను. పది మూరల నిడివిని రెండు భాగములు చేసి, వాని లబ్ధము అత్యధికమగునట్లు చేయవలెనన్న ఎట్లు? మొదటి భాగమునకు అతి స్వల్పమైన పెంపు నిచ్చి, లబ్ధమున కలిగిన భేదమును ఆ పెంపుచే భాగించును. వచ్చిన దానిలో ఆ పెంపు ఇంకను మిగిలియున్న పదమును తరువాత తుడిచివేయును. పది నుండి మొదటి భాగమునకు రెండింతలు తీసివేసిన సున్న కావలెనని తేలును. కావున ఒక్కొక్క భాగము అయిదు మూరలు. సమాధానము సరియే. కాని భాగించునపుడు ఉన్న పెంపు తుడుచునపుడు ఏమైనది?

పిమ్మట న్యూటను, లైబ్నిట్జు వచ్చిరి. వారి కలహమును గూర్చి శ్రోతలు పలుమార్లు వినియుందురు, దానిని విడిచిపెట్టుదము. అంతగా వినబడనిది, సున్నకు సున్న యను రూపమునకే ప్రత్యేకముగా కట్టిన నియమము వెనుకనున్న బేరము.

1691లో యోహాన్ బెర్నూలీ యను ఇరువదినాలుగేండ్ల యువకుడు స్విట్జర్లండునుండి పారిసునకు వచ్చెను. లైబ్నిట్జు క్రొత్త గణితమును ఎరిగినవారు ఆనాడు ఐరోపాయందు వ్రేళ్ళపై లెక్కింపదగినంతమంది. లోపితాల్ మార్క్విసు అను ధనిక ప్రభువు, తానును గణితజ్ఞుడే, అతనిచేత పాఠములు చెప్పించుకొనెను. యువకుడు బాసెల్ నగరమునకు తిరిగిపోయిన వెనుక, 1694 మార్చి 17వ తేదీన మార్క్విసు ఒక ఉత్తరము వ్రాసెను. ఏడాదికి మూడువందల లీవ్రుల భృతి నిత్తును, నేనడిగిన ప్రశ్నలపై అప్పుడప్పుడు పనిచేయవలెను, కనుగొన్నవానిని నాకు తెలుపవలెను, ఇతరులకు తెలుపరాదు. ఇదీ దాని సారాంశము. స్థిరమైన ఉద్యోగము లేని యువకునికి ఆ సొమ్ము అక్కరకు వచ్చెను. అతడు సమ్మతించెను. ఆ యేడే జూలైలో అతడు పంపిన యొక యుత్తరమున సున్నకు సున్న యగు భిన్నముల విలువ కట్టు నియమము ఉన్నది.

1696లో కలన గణితమునకు మొదటి పాఠ్యగ్రంథము పారిసున వెలువడెను. రచయిత పేరు అందు అచ్చు కాలేదు గాని, అది లోపితాల్ రచన యని అందరెరుగుదురు. పీఠికలో బెర్నూలీ సోదరులకు, విశేషించి చిన్నవానికి, తాను ఋణపడియున్నానని మార్క్విసు వ్రాసెను. ఏది యెవరిదో మాత్రము విడదీసి చెప్పలేదు. తొమ్మిదవ ప్రకరణమున ఆ నియమము కలదు. లవమును హారమును వేర్వేరుగా అవకలనము చేసి, వచ్చిన రెండు మార్పుల నిష్పత్తిని తీసికొనుము. అనగా ఇద్దరును చేరిన ఊరిని విడిచి, వారి నడకల వేగములను పోల్చుమనుట.

అచ్చటి ఉదాహరణములలో నొకదానిని సులభముగా చెప్పుదము: 1 నుండి య తీసివేసినది పైన, 1 నుండి య యొక్క వర్గమూలము తీసివేసినది క్రింద. య విలువ 1 అయినచో రెండును సున్నలే. య విలువ 0.81 అనుకొందము. పైన 0.19, క్రింద 0.1, నిష్పత్తి 1.9. యను 1కి మరింత చేరువ చేసిన కొలది నిష్పత్తి 2కు చేరువయగును. ఈ ఉదాహరణమును అవకలనము లేకుండగనే సాధింపవచ్చునని ఆ గ్రంథమే తెలుపుచున్నది. నిజమే. వర్గమూలమునకు వేరొక పేరు పెట్టి చూచినచో, ఇది మనము మొదట నల్లబల్లపై చూచిన భిన్నమే! వేషము మార్చుకొని వచ్చినది.

ఇచ్చట ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ నియమము చేతికి రాగానే విద్యార్థులు ప్రతి భిన్నమునకును దానినే ప్రయోగింతురు. మన మొదటి భిన్నమునకును ప్రయోగింతురు. కాని య వర్గము యొక్క అవకలజము రెండు య లని వారికెట్లు తెలిసినది? అటువంటి భిన్నము యొక్క అవధిని కనుగొనుట చేతనే గదా! తాళపుచెవిని పెట్టెలోనుంచి పెట్టెకు తాళము వేసినట్లు. కారణాంకములు విడదీయుట వచ్చినచోట దానినే చేయించుట మేలు.

1704లో లోపితాల్ మరణించెను. అప్పుడు బెర్నూలీ నోరు విప్పి, ఆ నియమము తనదని ప్రకటించెను. నమ్మినవారు తక్కువ. అన్నతోను, తరువాత స్వంత కుమారునితోను కలహించిన స్వభావము అతనిది. కలహప్రియుడు నిజము చెప్పినను లోకము చెవినిడదు. 1922లో అతని పాఠముల వ్రాతప్రతి అచ్చయినది. 1955లో ఉత్తరములు బాసెల్‌లో అచ్చయినవి. మూడువందల లీవ్రుల బేరము అప్పుడు అందరకు తెలిసినది. అయినను నియమము నేటికిని మార్క్విసు పేరనే చెల్లుచున్నది. మన కళాశాలల పిల్లలు దానిని 'హాస్పిటల్ రూలు' అని పిలుచుటయు కద్దు. మార్క్విసు తన పేరును వ్రాసికొనిన తీరును బట్టి చూచినచో అది పూర్తిగ తప్పును కాదు.

లెక్కలు సాగుచునే యున్నవి. సమాధానములు సరిగానే వచ్చుచున్నవి. కాని వెనుక బల్లమీది బాలుడు ఇంకను నిలుచుండియే యున్నాడు. అతని పక్షమున మాటాడినవాడు గణితజ్ఞుడు కాదు, మతాచార్యుడు. ఐర్లండున క్లోయిన్ పీఠమునకు బిషప్పైన జార్జి బార్క్లీ 1734లో 'అనలిస్ట్' అను చిన్న గ్రంథమును ప్రకటించెను. మతమునందు మర్మములున్నవని ఎగతాళి చేయువారు తమ గణితమున నున్న మర్మములను ముందుగా చూచుకొనవలెనని ఆయన వాదము. భాగించుటకు పెంపు కొంత ఉన్నదనుకొంటిరి. భాగించిన పిదప అది లేదనుకొంటిరి. ఉన్నదను ఊహపై సాధించిన ఫలమును, ఆ ఊహను త్రోసిపుచ్చిన పిమ్మట ఎట్లు నిలుపుకొందురు? ఉండియు లేని ఆ రాశులను ఆయన ప్రేతములతో పోల్చి పరిహసించెను. ఆయన ఫలితములను తప్పనలేదు. తప్పు తప్పును కొట్టివేయగా నిజము వచ్చినదనెను. ఆయన ఉద్దేశము ఏదైనను ప్రశ్న న్యాయమైనది. న్యూటను భక్తులు కోపముతో బదులు వ్రాసిరి. కోపమున స్పష్టత చాలలేదు.

ఫ్రాన్సున దాలంబేర్, అవధి యను భావముపైననే ఈ శాస్త్రమును నిలుపవలెనని విజ్ఞానసర్వస్వమున సూచించెను. గణితమున అనంతమనగా నేమో తేటపరచువారికి బహుమాన మిత్తుమని బెర్లిన్ అకాడమీ 1784లో ప్రకటించెను. 1786లో అది జెనీవాకు చెందిన లుయిలియేకు లభించినది. మనము నేడు అవధికి గుర్తుగా వ్రాయు 'లిమ్' అను కుఱుచ సంకేతము ఆయన గ్రంథమునుండి వచ్చినదే. ప్రాగ్ నగరమున బొల్జానో 1817లో తీర్చిదిద్దిన భావములు చాలకాలము ఎవరి కంటను పడలేదు. 1821లో కోషీ పారిసు పాలిటెక్నిక్ విద్యార్థులకై వ్రాసిన పాఠ్యగ్రంథమున అవధికి స్థానము దృఢమైనది. తరువాత బెర్లినున వైయర్‌స్ట్రాస్ ఆ నిర్వచనమునుండి 'సమీపించుట' యను చలనసూచకమైన మాటను సైతము తీసివేసి, కేవలము అసమానతలతో దానిని బిగించెను.

ఆ బిగింపు ఎట్టిదో మన భిన్నముపైననే చూపుదము. ఇది ఇద్దరి నడుమ పంతము వంటిది. "భిన్నము యొక్క విలువ 2కు వెయ్యవ వంతు లోపల ఉండవలెను, చేయగలవా?" అని ప్రతివాది యడుగును. "యను 1కి వెయ్యవ వంతు లోపల నుంచుము, చాలును, 1 మాత్రము కారాదు" అని మన బదులు. లక్షవ వంతు కావలెనన్నచో, యను లక్షవ వంతు లోపల నుంచుమందుము. అతడు ఎంత కోరినను మనయొద్ద బదులున్నది. ఏలయన, య విలువ 1కి ఎంత దూరమో, భిన్నము 2కు సరిగా అంతే దూరము. అతడడిగిన ప్రతి కోరికకును బదులుండుటయే, అవధి 2 అనుటకు అర్థము. అంతకుమించి ఏ మర్మమును లేదు. వర్గమునకు బదులు 1నే లవముగా నుంచినచో పంతము ఓడిపోవుదుము: య విలువ 1.01 అయినచో 100, 0.99 అయినచో ఋణ 100. ఏ సంఖ్యకును చేరువ కాదు. అచ్చట అవధి లేదు.

ఇక బాలునికి బదులు. నీవు కొట్టివేసినది సున్నయా యని అడిగితివి, కాదు. ఈ లెక్కలో ఎచ్చటను య విలువ 1 కాలేదు, కానేరదు. 1ని విడిచి మిగిలిన ప్రతి విలువకును ఆ కారణాంకము సున్న కాదు గనుక, దానిని కొట్టివేయుట న్యాయమే. కొట్టివేసిన పిదప మిగిలినది యకు 1 కూడినది. అది 2ని సమీపించుటను మనము చూచితిమి, అంతే. 1ని ప్రతిక్షేపించినట్లు బల్లపై కనబడినది ఉపాధ్యాయుని తొందర. మిగిలిన ఆ సమాసము గీయు గీత 1 యొద్ద తెగక సాగిపోవుచున్నది గనుక ఆ తొందర అచ్చట హాని చేయదు. సమీపించు విలువయు ప్రతిక్షేపించిన విలువయు ఒక్కటే యగును. మొదటి భిన్నము గీయు గీతయు అట్టి సరళరేఖయే; అయితే 1 యొద్ద సూదిమొనయైనను పట్టని యొక బెజ్జము దానియందున్నది. 1 యొద్ద ఆ భిన్నమునకు విలువ ఎంతయని అడిగినచో, లేదు. అవధి ఎంతయని అడిగినచో, 2.